బుట్టకమ్మల బరువు

ఈ రోజు రాయచోటిలో నా కొట్లో కూర్చొని, నేను కొత్తగా చేసిన వెండి బుట్టకమ్మను చెవికి ఆనించుకొని అద్దంలో చూసుకుంటున్నాను. పక్క కొట్లో బట్టలు కుట్టే షాహీనా వచ్చి పగలబడి నవ్వింది.

"ఏం తాతా, ఈ వయసులో కమ్మలు పెట్టుకుంటాండావా?"

"బరువు చూస్తాండాలే. నువ్వే పెట్టుకొని చెప్పు."

పెట్టుకొని తల ఊపింది. "శానా బాగుండాయి తాతా" అని వెళ్లిపోయింది.

నా పనితనం ఈ ఊళ్లో ఇంకెవరికీ రాదు. కానీ ఏ కమ్మలు చేసినా మా ఇంటామె రోజంతా పెట్టుకొని, సాయంత్రానికి చెవి లాగుతోందనో, జుట్టు చిక్కుకుంటోందనో వంక పెట్టేది. ఆ వంకల్లోంచే నా కొత్త నమూనాలన్నీ పుట్టాయి. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు అందరూ బాగుందనే అంటారు.

మీ ఇంట్లో వాళ్లు ఈ రోజు మీ పనికి ఏం వంక పెట్టారో రాయండి. నాకు చదువు అంతంత మాత్రమే, కూడబలుక్కొని అయినా చదువుతాను.