ఎనిమిదోది యాడుంది?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ లేదనుకునేదాన్ని. ఏడో తరగతి పాసైన పిల్లకు ఆ మాత్రం ధీమా ఉంటుంది. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర, మా నేతపనివాళ్ల గల్లీల్లో, ఏడు అంటే చదువుకు ఆఖరి మెట్టు. హైస్కూలుకు రెండు సిటీ బస్సులు మారి పోవాలి. మగపిల్లల్లో ఒకరిద్దరు పోయేవారు, ఆడపిల్లలు బీడీలు చుట్టడానికి కూర్చునేవారు. తునికాకు కత్తిరించడానికి మా మేనత్త నాకోసం అప్పటికే కొత్త కత్తెర కొని పెట్టింది. (కత్తెర బాగుండేది, అబద్ధం చెప్పను. దాని చప్పుడు వింటేనే ఏడుపొచ్చేది.)

ఆ ఎండాకాలం మా గుడి కమిటీలో పెద్ద పేచీ వచ్చింది. గుడి వెనక ఖాళీ జాగాలో ఫంక్షన్ హాలు కట్టాలా, హైస్కూలు కట్టాలా అని. కమిటీ పెద్దను అందరం జాకార్డ్ తాత అనేవాళ్లం. జాకార్డ్ మగ్గంలాగే ఒకసారి మొదలుపెడితే ఆగేవాడు కాదు. ఆయన హాలు పక్షం. గుడి మండపంలో మీటింగు పెట్టి, "బడి కట్టి ఏం జేస్తరు? నేనేం సదివిన? మగ్గాలు నడుపుతలేనా? పోరీల లగ్నాలకైతే హాలు పాయిజే, కావాలె!" అని దంచుతున్నాడు. ఆడవాళ్లు వెనకాల బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని వింటున్నారు. నేను నానమ్మ పక్కన కూర్చుని బీడీలకు దారం కడుతున్నాను.

అంతలో కార్పొరేషన్ నుంచి ఆ జాగా గురించే మరాఠీలో కాగితం వచ్చింది. తాత దాన్ని దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, చష్మా మరిచిపోయానన్నాడు. (చష్మా నెత్తిమీదే ఉంది.) కాగితం చేతులు మారుతూ మండపమంతా తిరిగింది. మరాఠీ గలగలా మాట్లాడే మావాళ్లలో చదవగలిగేవాళ్లు ఎంత తక్కువో ఆ రోజే తెలిసింది. పదో తరగతి దాటిన ఇద్దరూ ఎవరి పెళ్లికో పోయారట.

"మా పోరి ఫటాఫట్ సదువుతది!" అని నానమ్మ నన్ను ముందుకు తోసింది.

నేను గొంతు సవరించుకుని, మా మరాఠీ టీచరు బాయి క్లాసులో చదివినట్టే చదివాను. జాగాలో ఏం కట్టేదీ నెల లోపల రాసివ్వాలి, లేకపోతే జాగా 'హస్తాంతరిత' అవుతుంది. అక్కడ ఆగిపోయాను.

"అంటే ఏంది, బిడ్డా?" అన్నాడు తాత.

"హస్తం అంటే చెయ్యి, తాతా."

"మన చేతికొస్తదా, చేజారిపోతదా?"

మండపం మండపమంతా నా నోటికేసి చూసింది. ఏడో తరగతి ధీమా అక్కడితో సరి. "నాకు రాదు, తాతా. ఏడోదాంట్ల ఈ మాట లేదు. ఎనిమిదోదాంట్ల ఉంటదేమో!" అని గట్టిగా అనేశాను. (నిజానికి ఏడో తరగతి పుస్తకంలోనే ఉందట, వేరేవాళ్ల చేతికి పోవడమని అర్థం. ఆ పాఠం చెప్పిన రోజు నేను బడి ఎగ్గొట్టి మేనత్తతో జాతరకు పోయాను.)

ఒక్కసారిగా నవ్వులు. కానీ నానమ్మ నవ్వలేదు. ఒళ్లోని తంబాకు దులుపుకుంటూ లేచి నిలబడింది. "ఎనిమిదోది యాడుంది, జాకార్డన్నా? సూపియ్యి, రేపే తోలుత పోరిని! లగ్నం ఒక్క దినం అయితది. గిసొంటి కాయిదాలు జిందగీ అంత వస్తయి. ఎవలు సదవాలె?"

ఆమె వెనక మా మేనత్త లేచింది. ఆ వెనక చాటలన్నీ కిందికి దిగాయి, ఆడవాళ్లందరూ లేచారు. తాత నెత్తిమీది చష్మా కళ్లకు దించుకుని లేచినవాళ్లందరినీ చూశాడు. "సరే, రాయి బిడ్డా. బడే కడుతమని రాయి" అన్నాడు. రాసింది నేనే. రెండు తప్పులున్నాయట, కార్పొరేషన్ వాళ్లు క్షమించేశారు.

మరుసటి జూన్‌లో రేకుల గదిలో ఎనిమిదో తరగతి మొదలైంది. మొదటి బెంచీలో జాకార్డ్ తాత మనవరాలు, పక్కన నేను. తాతే కొబ్బరికాయ కొట్టి, బడి కట్టాలన్న ఆలోచన మొదట్నుంచీ తనదేనని చెప్పాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఇప్పుడు నేను బ్యాంకులో ఆఫీసర్ని. మీటింగులో అర్థం కాని మాట వస్తే గంభీరంగా తల ఊపి, తరవాత ఎవరూ చూడకుండా ఫోన్లో వెతుక్కుంటాను. అంతమందిలో నిలబడి 'నాకు రాదు' అని అరిచిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.