గడప బయట నాన్న

నిన్నటి వానకు మా వీధిలోని తలుపుల దుకాణం ముందు పోసిన టేకు పొట్టు తడిసి, వీధంతా వాసన వేసింది. నలుగురికీ హాయిగా ఉండే ఆ వాసన రాగానే నేను మాత్రం కిటికీ మూసేస్తాను. అది మా నాన్నను అరెస్టు చేసిన వేసవి వాసన.

డెబ్బైల చివరి మాట. ఖమ్మం దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఎండాకాలమంతా ఇప్పపూల మత్తు వాసన తెల్లారకముందే ఇంట్లోకి వచ్చేది; తునికిపండ్లు తిని మా వేళ్లు జిగటగా ఉండేవి; శ్రీరామనవమికి నాయనమ్మ కలిపిన పానకంలో మిరియాల ఘాటుకు తుమ్ముతూనే ఇంకో గ్లాసు అడిగేవాళ్లం. ఆ పండుగ మరునాడే, ఎరువు తోలుకుంటానని అమ్మ వైపు చుట్టం ఒకడు తీసుకెళ్లిన మా ఎడ్లబండి, దొంగ టేకు దుంగలతో ఫారెస్టు గేటు దగ్గర పట్టుబడింది. వాడు పారిపోయాడు. బండి మాది కాబట్టి నాన్నను తీసుకెళ్లారు.

మా అరుగు మీద కూర్చుని ఊరంతా అమ్మను అడిగింది.

"బేడీలేసిండ్రా?"

"భూమి గిట్ల గుంజుకుంటరా?"

"ఇగ నీ బిడ్డకు సంబంధమేడ దొరుకుతది?"

తప్పు చేశాడా అని ఒక్కరూ అడగలేదు. అరెస్టంటే ఆరోపణే, రుజువు కాదని చెప్పేవాళ్లు మా ఊళ్లో లేరు. జైలు గాలి సోకితే మనిషి మైలపడతాడని చెప్పేవాళ్లు ఇంటికొకరున్నారు.

నాన్న బెయిలు మీద వచ్చిన రోజు నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"భద్రాచలం పొయ్యి గోదాట్ల మునిగి రా బిడ్డా. అందాక కొట్టంల ఉండు."

"ఎట్ల పోవాలె అమ్మా? తాలూకా దాటొద్దని కోర్టు జెప్పింది. దాటితే మల్ల లోపలేస్తరు."

చట్టం అటు తలుపు వేసింది, ఆచారం ఇటు వేసింది. నడుమ పశువుల కొట్టంలో మా నాన్న. ప్రతి ఆదివారం స్టేషనుకు నడిచి వెళ్లి సంతకం పెట్టడం, తిరిగొచ్చి తన ఇంటినే దూరం నుంచి చూస్తూ కూర్చోవడం.

పెదనాన్న చెంబుతో గోదావరి నీళ్లు తెచ్చాడు. నాన్న పోసుకోనన్నాడు.

"పోసుకుంటే తప్పు చేసిన్నని ఒప్పుకున్నట్టే గదన్నా."

"ఒప్పుకుంటే ఏంది? ఇంట్ల పడుకుంటవ్. నీ కోర్టు ముచ్చట్లు పొయ్యి నీ ఎడ్లకు చెప్పుకో."

"అవి గూడ స్టేషన్లనే ఉన్నయన్నా."

తొలకరి నాడు కొట్టం కప్పు కారి నాన్న కంచంలో నీళ్లు పడ్డాయి. అమ్మ పొయ్యిరాళ్లనూ, గిన్నెలనూ, మమ్మల్నీ కొట్టంలోకి చేర్చింది. పేడ వాసన, దోమలు, తడిసిన గడ్డి, నిప్పుల మీద చిటపటలాడే మక్కకంకులు: ఆ వానాకాలమంతా మా ఇల్లు అదే. పెంకుటింట్లో దేవుళ్లతో నాయనమ్మ ఒక్కతే మిగిలింది. ఎవరితోనైనా మాట్లాడుతూ తప్ప ముద్ద మింగని మనిషి, మా నవ్వులు వినిపించినప్పుడల్లా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేది. మైల కాబట్టి మేం పోలేం, మడి కాబట్టి ఆమె రాలేదు.

పెత్రమాస నాడు, పెద్దలకు పెట్టే ఆ అమావాస్యకు, తాతయ్య పేరున నాయనమ్మ గారెలు వండింది. తినేవాళ్లు లేరు. గారెల పళ్లెం మీద కొంగు కప్పి, వానలో వాకిలి దాటి వచ్చింది.

"జర జరుగుండ్రి," అంది.

నాన్న జరిగాడు. ఏ నదీ లేదు, ఏ మంత్రమూ లేదు. ఏ వాదనా కదిలించలేని ఆచారాన్ని ఒంటరితనం కదిలించింది. ఆ సాయంత్రమే అందరం ఇంట్లోకి నడిచాం. కేసు కొట్టేయడానికి ఏళ్లు పట్టింది.

ఇప్పుడా కొట్టం లేదు, నాయనమ్మ లేదు, జైలు నుంచి వచ్చినవాణ్ణి గోదావరిలో మునగమనేవాళ్లూ లేరు. మొన్న మా ఊరివాళ్ల ఫోన్ గ్రూపులో, ఏదో దొంగతనం కేసులో అరెస్టయిన ఒక కుర్రాడి ఫొటో పెట్టి అందరూ తిట్టారు. "కోర్టు తేల్చిందా?" అని నేను రాశాను. అందరూ చూశారు. ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.