సలాం కొడితే లేచిన లారీ

తొమ్మిదేళ్లకే తాండూరులో మిలిటరీ లారీ నడిపినవాణ్ని నేను. సరే, నడపలేదు, స్టార్ట్ చేశాను. నిన్న మనవడు బైకు చైను కిరసనాయిలుతో కడుగుతుంటే ఆ వాసనకు అంతా గుర్తొచ్చింది.

నాపరాళ్లు తోలడానికి నాయన ఎడ్ల జతను అమ్మి, వేలంలో ఒక పాత మిలిటరీ లారీ కొన్నాడు. ఎడ్లు పోయిన రోజు నుంచి నాయనమ్మ ఆయనతో మాట్లాడలేదు. లారీ కదిలేదాకా మాట్లాడేలా కూడా లేదు. కొత్త సామాను కొనే స్తోమత లేక నాయన, లారీలు బాగుచేసే మిస్త్రీ కలిసి ఇంజను విప్పి కిరసనాయిలుతో కడిగారు. మా ఎడ్లబండి పలకలే లారీకి పక్కలయ్యాయి. హారన్ లేదని ఎడ్ల గంటలు ముందర కట్టారు.

అయినా ఇంజనుకు ముందర ఇనుప హ్యాండిల్ పెట్టి ఎంత తిప్పినా లారీ దగ్గేదే తప్ప లేచేది కాదు.

"గిది మిలిటరీది రా! సలాం కొట్టంది మాట ఇనది," అన్నాడు మిస్త్రీ.

నేను నిజమే అనుకున్నాను. మర్నాడు లారీ ముందర నిటారుగా నిలబడి సలాం కొట్టాను. నాయన హ్యాండిల్ తిప్పాడు. లారీ గర్జించింది, గంటలన్నీ మోగాయి! ఆ పొద్దున మిస్త్రీ ప్లగ్గుల మసి గీకి పెట్టాడని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

నాయనమ్మ బయటికొచ్చి, ఎద్దు నొసట పెట్టినట్టే లారీ మూతికి బొట్టు పెట్టింది. నాయన వైపు తిరిగి, "నీళ్లు తాపినవా దీనికి?" అంది.

ఇదంతా రాసి మా అక్కకు చదివి వినిపించాను.

"సలామా? అది మొత్తుకోంగనే లాగు తడుపుకొని గడ్డివాము ఎన్కకు ఉరికినవ్. గా లాగు పిండింది నేనే."