సముద్రంలో సిరా మరక

మా బాబాయి ప్రభుత్వ సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. ఆయన గీతకి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. అయినా ఆఫీసులో ఆయన పేరు ‘మరక’. పై ఉద్యోగం ఇస్తామన్నప్పుడల్లా పటం మీద సిరా ఒలకబోసేవాడు. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకునే రకం అని మా నాన్న తిట్టేవాడు. ఆ వయసుకీ ఒక ఇంటివాడు కాలేదని ఇంకో దెప్పు.

చదువు మానేశానని నాన్న గెంటేస్తే, వెళ్లి బాబాయి ఇంట్లో పడ్డాను. కింద దర్జీ కొట్టు, పైన రెండు గదులు. ఇప్పటికీ ఎక్కడ ఇస్త్రీ ఆవిరి వాసన తగిలినా నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి. దర్జీ మావయ్య పేరుకే అద్దెకున్నవాడు. కూరలో ఉప్పెక్కువైందని ఒకరు, బొత్తాం తెంపుకొచ్చావని ఒకరు బాబాయీ ఆయనా పొద్దస్తమానం దెబ్బలాడుకునేవారు. అది కాపురమని నాలాంటి మొద్దుకి కూడా తొందరగానే అర్థమైంది.

మరకల సంగతి మావయ్యే చెప్పాడు. పై ఉద్యోగమంటే రహస్య పటాల గది. అందులోకి తీసుకునే ముందు విచారణాధికారి ఇంటికొచ్చి, ఎవరితో ఉంటున్నావని ఆరా తీస్తాడు. మగవాడితో కాపురముండే మగవాడు ప్రభుత్వోద్యోగానికి పనికిరాడని అప్పటి నియమం. బాబాయి పక్క బల్ల ఆయన ఉద్యోగం అలాగే ఊడింది. అందుకే మరక. అదీ ఎప్పుడూ సముద్రంలోనే. నేల మీద పడితే ఎవడో దారి తప్పుతాడని బాబాయి భయం.

నేనున్నప్పుడే ఆ నియమం ఎత్తేశారు. మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి బాబాయి సిరా ఒలకబోయలేదు. కానీ విచారణాధికారి వచ్చే రోజు మావయ్య తన పక్కబట్టలు చుట్టి కొట్లోకి మోసుకుపోతుంటే ఆపనూ లేదు. నియమం పోయినంత తేలిగ్గా భయం పోతుందా?

వచ్చినాయన కుర్రాడే. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. కింద కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

“నేను ఒక ఇంటివాణ్ణయి చాలా ఏళ్లయిందండీ,” అన్నాడు బాబాయి చివరికి. “మా ఆయన కింద కొట్లో ఉన్నాడు. పిలవమంటారా?”

“వద్దులెండి. వస్తూ ఉంటేనే నా చొక్కా భుజాలు చూసి చీవాట్లు పెట్టారు.”

ఉద్యోగం వచ్చింది. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు బాబాయి గీసిన పాత పటమొకటి కానుకగా ఇచ్చారు. మావయ్య కళ్లజోడు సర్దుకుని, సముద్రం బోసిగా ఉందేంటన్నాడు. బాబాయి కలం తీసి ఒక చుక్క పెట్టాడు.