అంజినప్ప నెత్తిన నా తప్పు

మొన్న హిందూపురం దగ్గర ఒక పందుల షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆ కుళ్ళువాసన ముక్కుకు కొట్టింది. ఈని మూడురోజులైన తల్లిపంది మూలన పడి ఉంది. "ఎండదెబ్బ మేడమ్" అన్నాడు యజమాని. థర్మామీటరు తీయకముందే నాకు తెలిసిపోయింది, గర్భసంచిలో చీము పట్టిందని. ఆ వాసనను గుర్తుపట్టడం నాకు నేర్పినవాడు పెనుకొండ పశువుల ఆసుపత్రి అటెండరు అంజినప్ప.

నేను అక్కడ డాక్టరుగా చేరేనాటికి ఆయనకు రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది. పొట్టి మనిషి. ఈనే పంది దగ్గరికి పోవాలంటే నీళ్ళు కాగాల్సిందే, మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు పెట్టి రుద్దాల్సిందే. "ఏం అంజినప్పా, పెళ్ళికి పోతున్నామా?" అని నేను ఆటపట్టించేదాన్ని. "అది తల్లి కడుపు మేడమ్. మన చేతి మురికి ఆడికి పోతే, కడుక్కునేదానికి దానికి దారి ల్యా" అనేవాడు.

రెండో నెలలో ఒకరోజు పొద్దున ఒక ఇంట్లో చీముపట్టిన పందికి గర్భసంచి కడిగి, అక్కడినుంచి నేరుగా నాగమ్మ ఇంటికి పోయాం. ఆమెకున్నది ఒక్కటే తల్లిపంది, దాని మీదే సంసారం. పిల్ల అడ్డంపడి పంది మూలుగుతోంది. నా దగ్గర గ్లౌజులు అయిపోయాయి. "ఐదు నిమిషాలు మేడమ్, నీళ్ళు కాగనీండి" అన్నాడు అంజినప్ప పొయ్యి ఊదుతూ, నాకొక్కదానికే వినబడేట్టు. నాకా, తొందర. పైగా నలుగురూ చూస్తున్నారన్న గొప్ప ఒకటి. బకెట్లోని చన్నీళ్ళలో చేతులు ముంచి తీసి, చెయ్యి లోపలికి పెట్టేశాను. పిల్ల బతికే బయటపడింది. అందరూ మెచ్చుకున్నారు. ఆయన మాత్రం నా చేతుల వంకే చూశాడు.

మూడోరోజు పోయేసరికి అదే వాసన. పాలు ఎండిపోయాయి, పిల్లలు ఒక్కొక్కటే చచ్చాయి. ఎన్ని సూదులు వేసినా తల్లిపంది కూడా దక్కలేదు. "ఆపొద్దు చేతులు కడుక్కున్యారా లేదా?" అని నాగమ్మ నిలదీసింది.

నేను నోరు తెరిచేలోపల అంజినప్ప అన్నాడు: "తప్పు నాదేమ్మా. నీళ్ళు కాంచకనే ఇచ్చినా."

"ఇంగ నా వాకిలి తొక్కద్దు పో!" అని నాగమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను తెరవబోయిన నోరు మూసుకున్నాను.

తిరిగి వచ్చే దారిలో ఎందుకలా చెప్పావని అడిగాను. "మీరు కొత్త మేడమ్. ఒగతూరి చెడ్డపేరు వస్తే ఎవురూ పిలువరు. పిలువకుంటే పశువులు చస్తాయి. నాకేముండాది, ఇంగ రెండేండ్లు." రేపు చెబుదాంలే అనుకున్నాను. సిగ్గులేని ఆ రేపు రెండేళ్ళూ సాగింది. మాట ఊరంతా పాకింది. పందులు పెంచేవాళ్ళందరూ "ఆయప్పను తేవద్దు మేడమ్" అనేవారు. నేను లోపల వైద్యం చేస్తుంటే ఆయన వీధిలో నా బండి దగ్గర నిలబడేవాడు.

రిటైరయ్యాక ధర్మవరంలో కూతురింట్లో ఆయన పోయాడని తెలిశాక గానీ నాకు ధైర్యం రాలేదు. నాగమ్మ దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రిటైరైనాంక, ధర్మవరం పోకముందు ఒగతూరి వచ్చినాడు మేడమ్ ఆయప్ప. మీరు ఊర్లో లేరు. నేను మళ్ళా తెచ్చుకున్న ఇంగో పంది ఈనలేక కొట్టుకుంటాంటే, యాడ విన్న్యాడో ఏమో, ఆయాసపడుకుంటా వచ్చినాడు. నేను లోపలికి రానియ్యలేదు. ఆ పందీ చచ్చిపాయ. మీరు ఈ మాట అప్పుడే చెప్పింటే..." అని ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

ఇప్పుడు నా చేతిలో తప్పు జరిగితే ఆ వాకిట్లోనే నాదని చెప్పేస్తాను. ఎంత నిజాయితీ మేడమ్ అని జూనియర్లు పొగుడుతారు. ఆ పొగడ్త వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆఖరిసారి నాగమ్మ వాకిలి నుంచి అంజినప్ప వెనక్కి తిరిగి నడిచిపోవడం నేను కళ్ళారా చూడలేదు, అయినా చూస్తూనే ఉంటాను.