‘వేడెక్కితే?’ బావగారు

ఏ వస్తువునైనా వేడి చేసి చూడందే బావగారు నమ్మరు. కొత్త దువ్వెన కొంటే ముందు మరిగే నీళ్ళలో ముంచుతారు. అది వంకర తిరిగితే దొంగను పట్టుకున్నట్టు మురిసిపోతారు. ఎవరేం చూపించినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: “వేడెక్కితే?”

“ఈయన్ని ఎలా భరిస్తున్నావక్కా?” అని బావమరిది అడిగాడు ఒకసారి.

“నన్నింకా ఫర్నెస్‌లో పెట్టలేదుగా, సర్దుకుపోతున్నా.”

ఇలాంటి మనిషికి, కట్టడాల దూలాలను ఫర్నెస్‌లో పెట్టి పరీక్షించే ల్యాబులో ఉద్యోగం! పైగా జీతం కూడా ఇస్తున్నారు. బావమరిది అమ్మేదేమో గాజునారను రెసిన్ అనే జిగురులో ముంచి గట్టిపరిచిన ఫైబర్ దూలాలు. తేలిక, తుప్పు పట్టవు, ఎవరూ కొనరు. ఎట్టకేలకు ఒక బేకరీ ఓనరు దొరికాడు. ఓవెన్ల పైన, పనివాళ్ళు మధ్యాహ్నం నడుం వాల్చే అటకకు ఆ దూలాలే వేస్తానన్నాడు. ల్యాబు సంతకం ఉంటే చాలన్నాడు. ఈ ఆర్డరు పోతే బావమరిది ఉద్యోగం కూడా పోతుంది.

సొంత బావే కదా అని ధీమాగా ఒక దూలం వేసుకుని ల్యాబుకు వెళ్ళాడు పిచ్చిమారాజు. ఫైబర్ ముక్కకు లైటరు పెట్టి చూపించాడు.

“చూశారా బావా, అంటుకోలేదు!”

“అంటుకోకపోతే సరిపోతుందటోయ్? వేడెక్కితే నిలబడొద్దూ?”

దూలం మీద బరువు పెట్టి, ఫర్నెస్‌లోకి తోసి, పసిపిల్లాణ్ణి చూసుకున్నట్టు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు బావగారు. నీళ్ళు మరిగేంత వేడి కూడా రాకముందే దూలం నడుం వంచేసింది.

“గాజునార బానే ఉంది. దాన్ని పట్టుకున్న రెసిన్ మెత్తబడింది. మంటలే అక్కర్లేదు, అటక కూలడానికి.”

“మెత్తబడితే మంచిదేగా బావా, పరుపులా ఉంటుంది!”

“సంతకం పెట్టను.”

“నా ఉద్యోగం పోతుంది.”

“తెలుసు,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు మహానుభావుడు.

బావమరిది అక్కకు ఫోన్ చేసి, ఇక ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం బేకరీ ఓనరు నుంచి ఫోను. చీవాట్లు తినడానికి సిద్ధపడి ఎత్తాడు.

“మీ బావగారు మా పాత చెక్క అటక మీద మధ్యాహ్నమంతా పనివాళ్ళ పక్కన పడుకున్నారండీ, గుండెల మీద థర్మామీటరు పెట్టుకుని! చెమటతో తడిసి ముద్దయిపోయారు. అసలు ఓవెన్ల పైన మనుషుల్నే పడుకోబెట్టొద్దన్నారు. పెరటివైపు గది ఇస్తానని నాచేత అనిపించారు.”

“నా ఆర్డరు రద్దయినట్టేనా అండీ?”

“భలేవారే! ట్రేలు కడిగే షెడ్డులో ఇనుప దూలాలు తుప్పుపట్టి రాలిపోతున్నాయి. అక్కడ వేడి ఉండదు, మీవే వేయమన్నారు. పరీక్షించి ఆయనే సంతకం పెడతారట. అటక కంటే షెడ్డు పెద్దది, ఎక్కువే పంపండి. మీ మాట నమ్మొచ్చా అని కూడా అడిగాను లెండి.”

“ఏమన్నారు?”

“‘మా బావమరిదిని వేడి చేసి చూడక్కర్లేదు’ అన్నారు.”

బావమరిదికి సిగ్గేసింది. బావ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ముందే చెప్పి ఏడవనందుకు ఒళ్ళు కూడా మండింది. ఒట్టు గట్టున పెట్టి, దారిలో ఒక కొత్త ప్లాస్టిక్ బకెట్టు కొని, తిన్నగా వెళ్ళి బావగారి చేతిలో పెట్టాడు.

“మీకే బావా. మీ ఇష్టమొచ్చినంత వేడి చేసుకోండి.”

బావగారి మొహం వెలిగిపోయింది. అక్క నిట్టూర్చి, నీళ్ళు కాచడానికి లేచింది.