పోయొచ్చి చెప్పమనే బావ

మా బావ పోయిన సంగతి అక్క ఫోన్‌లో చెప్పింది. "మీ బావ లేస్తలేడు రా," అంది. నేను అప్పుడే దుకాణం షట్టర్ సగం లేపి ఉన్నాను. "తట్టి లేపు, రాత్రి ఎక్కువ తిన్నడేమో," అన్నాను. అక్క "తట్టిన," అంది. అప్పుడు అర్థమైంది.

పక్కనే బావ దుకాణం. మూసి ఉంది. దాని ముందు కాలేజీ పిల్లలు కొందరు నిలబడి ఉన్నారు. మంచుకొండలకు పోయేవాళ్లని చూస్తేనే తెలిసిపోతుంది, మొఖాల్లో అంత సంబరం ఉంటుంది.

"అంకుల్, ఈ దుకాణం ఎప్పుడు తెరుస్తరు?" అని అడిగారు.

"ఇయ్యాల తెరువరు."

"అయితే రేపొస్తం."

నా షట్టర్ సగం లేచే ఉంది. టోపీలు, మఫ్లర్లు కళ్లెదుట వేలాడుతున్నాయి. ఒక్కడు కూడా అటు చూడలేదు. బావ చచ్చిపోయిన పూట నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఆ కోపం. దాచేదేముంది? ఆయన మీద నాకు ఓర్వలేనితనం ఉండేది. మనిషి పోయాడని అది ఒక్క పూటలో పోతుందా?

నాకు చదువు తక్కువ. బోర్డు చదవడం, బిల్లు రాయడం వరకే. మా బజారు సంఘం వాళ్లు ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తారు, అందులో పోయినవాళ్ల గురించి ఎవరో ఒకరు రాయాలి. "నువ్వే రాయాలె, నీకంటె దగ్గరోడు ఎవడున్నడు," అన్నారు. నిజమే. దగ్గరోడినే. మధ్యలో ఒక గోడ మందం దూరం.

నాంపల్లి స్టేషన్ దిక్కు నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో మా రెండు దుకాణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇద్దరిదీ చలి సరుకే. ఈ ఊళ్లో చలి ఎంత, వచ్చిందనుకునేలోపల పోతుంది. అందుకే మా గిరాకీ అంతా బయట చలికి పోయేవాళ్లు. బద్రీనాథ్, కేదార్‌నాథ్ పోయే యాత్ర వాళ్లు నా దగ్గర మంకీ క్యాపులు, ఉన్ని శాలువాలు కొంటారు. మంచు మీద జారడానికి పోయే పిల్లలు బావ దగ్గరికి. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని కొండ మీద నుంచి కిందికి జారతారు. స్కీయింగ్ అంటారు దాన్ని. గుల్మార్గ్ పోతారు, ఔలీ పోతారు, మనాలీ పోతారు. బావ మాత్రం మంచు కొండను ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు, అది వేరే మాట. నేను చూసినవాడిలాగా మాట్లాడను.

మొదట్లో ఇద్దరమూ ఒకే తీరు అమ్మేవాళ్లం. ఒక ఏడు ఒక పిల్లగాడు మనాలీ నుంచి తిరిగొచ్చి బావ దుకాణం మీద పడ్డాడు. ఆయన ఇచ్చిన గ్లౌజులు మొదటి రోజే తడిసి వేళ్లు కొయ్యబారాయట. గొంతు పెద్దగా చేసి అరుస్తున్నాడు. నేనైతే అమ్మిన సరుకు వాపసు లేదని బోర్డు చూపించి పంపేవాణ్ణి. ఈ రోజు కూడా అదే చేస్తాను. బావ మాత్రం స్టూలు జరిపాడు.

"కూసో బేటా. మొదటి నుంచి చెప్పు. ఎక్కడ పడ్డవు, చెయ్యి ఎట్ల పెట్టినవు?"

తిట్టడానికి వచ్చినవాడు కూర్చుని చాయ్ తాగి, పడిన తీరంతా చేసి చూపించి పోయాడు. ఆ రోజు నుంచి బావకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏం కొన్నా సంచీ చేతికిస్తూ, "పోయొచ్చి చెప్పాలె. ఏది పనికొచ్చింది, ఏది రాలే, నాకు చెప్పాలె," అనేవాడు. గిరాకీకి పని చెప్పే దుకాణందారును నేను ఇంకెక్కడా చూడలేదు. విచిత్రమేమంటే వాళ్లు వచ్చేవాళ్లు. మొఖాలు కమిలిపోయి, ముక్కుల మీద చర్మం లేచిపోయి, ఊళ్లో దిగిన తెల్లారే వచ్చేవాళ్లు.

వాళ్లు చెప్పిందాన్ని బట్టి ఆయన సరుకు మారుతూ పోయింది. ఒకతె పొడుగు మఫ్లర్ జారేటప్పుడు పట్టుకునే చేతికర్రకు చుట్టుకుని పడ్డానని చెప్పింది. మరునాడే బావ టైలర్ దగ్గర కూర్చుని మెత్తని గుడ్డ ముక్కలతో గొట్టాలు కుట్టించాడు. తల మీద నుంచి దూర్చుకుంటే మెడకు, నోటికి అడ్డంగా నిలుస్తుంది. మెడగొట్టం అని పేరు పెట్టాడు. మిగులు గుడ్డ కాబట్టి చవక. గ్లౌజుల సంగతి కూడా అంతే. లోపల ఒక పలుచటిది, పైన నీళ్లు దిగనిది. రెండూ కలిపినా పెద్ద దుకాణంలో ఒక వేలికయ్యే ఖరీదు కాదు.

"జాకెట్టు, ప్యాంటు కొనకు బిడ్డా, అక్కడ కిరాయికి దొరుకుతయి," అని చెప్పేవాడు. "చేతులకు, మెడకు, కాళ్లకు మాత్రం నీది నువ్వు కొనుక్కో. ఎవడో వేసి విడిచిన సాక్సులల్ల కాలు పెడతవా?"

సాక్సులు కూడా ఒక్క జతే ఇచ్చేవాడు. నేను రెండు జతలు అమ్మేవాణ్ణి, ఒకదాని మీద ఒకటి వేసుకోమని. రెండు వేస్తే బూటు బిగుస్తుంది, రక్తం ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది అని ఆయనకు ఎవరో చెప్పారు. రెండు అడిగినవాడికి ఒకటి ఇచ్చి పంపేవాడు. అది చూసి నాకు కడుపు మండేది. తక్కువ అమ్మి ఎక్కువ పేరు తెచ్చుకునే వ్యాపారం ఏం వ్యాపారం?

ఇక ఆ మంచు గిన్నె. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం చేసేవాళ్ల దగ్గర మంచుముక్కలు తెప్పించి స్టీలు గిన్నెలో పోసేవాడు. గిరాకీ గ్లౌజు తొడుక్కుని అందులో చెయ్యి పెట్టాలి. "ఎంతసేపు తాతా?" అంటే, "నేను చాయ్ తాగేంతసేపు," అనేవాడు. ఆయన చాయ్ ఆయన లాగానే నిదానం. సాసర్‌లో పోసుకుంటాడు, ఊదుతాడు, ఎవరితో పోతున్నరని అడుగుతాడు, మళ్లీ పోసుకుంటాడు. సాసర్ ఖాళీ అయ్యేదాకా వేళ్లు పొడిగా ఉంటేనే ఆ జత అమ్మేవాడు.

ఒకసారి ఒక పిల్ల నా దగ్గర గ్లౌజులు కొని, మెడగొట్టం కోసం ఆయన దగ్గరికి పోయింది. కాసేపటికి గోడ అవతల నుంచి, "తాతా, లోపల తడి అయితుంది," అని వినిపించింది. పోయి చూస్తే నా ఉన్ని గ్లౌజు ఆయన గిన్నెలో ఉంది.

"నా గిరాకీని నీ గిన్నెల ముంచుతున్నవా బావా?" అన్నాను.

"గిరాకీని ముంచలే. గ్లౌజును ముంచిన."

"లూధియానా ఉన్ని అది. దానికంటె వెచ్చగ ఏముంటది?"

"వెచ్చగనే ఉంటది బామ్మర్దీ, గొర్రెకు. గొర్రె స్కీయింగ్ చెయ్యది. ఈ బిడ్డ చేస్తది, పడతది, పడ్డప్పుడు ముందుగాల చెయ్యే పెడతది."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను గ్లౌజులు లాక్కుని వచ్చేశాను. ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన చాయ్ ముట్టలేదు. ఆయన చాయ్‌వాలాతో రోజూ పంపేవాడు, నేను రోజూ తిప్పి పంపేవాణ్ణి. అక్కతో చెప్పుకుంటే, "తడిసిన గ్లౌజును తడిసిందన్నడు, దాంట్ల తప్పేంది రా?" అంది. అక్క నాకు అక్క, కానీ ఎప్పుడూ ఆయన పక్షమే.

అయినా గిరాకీ పోయినందుకు కాదు నా కుళ్లు. యాత్ర వాళ్లతో నా దుకాణం బాగానే నడుస్తుంది. నా బాధ వేరు. నా దగ్గర టోపీ కొన్నవాడు కేదార్‌నాథ్ పోతాడు, వస్తాడు, చుట్టాలందరికీ ప్రసాదం పంచుతాడు. టోపీ అమ్మినవాడు ఒకడున్నాడని యాదికి రాదు. మా బావ దగ్గరికి మాత్రం వచ్చి కూర్చునేవాళ్లు. ఫోన్లు తీసి ఫోటోలు చూపించేవాళ్లు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోన్‌ను అద్దం పట్టుకున్నట్టు పట్టుకుని, ఎవరూ అడగనివి అడిగేవాడు.

"మంచు మీద నడుస్తె సప్పుడైతదా?"

"అయితది తాతా. ఉప్పు బస్తా మీద కాలేసినట్టు."

"వాసనొస్తదా?"

"ఏం వాసన రాదు. అదే విచిత్రం అనిపిస్తది."

నేను గోడకు చెవి పెట్టి వినలేదు. నాకంత ఖర్మ పట్టలేదు. గోడ పలుచన, అంతే. సరిగ్గా మంచి మాట వచ్చేవేళకు నా దుకాణంలో ఎవడో మఫ్లర్ ధర అడిగేవాడు. అటు నవ్వులు వినిపించేవి, ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. ఇంత వయసులో నేను ఎవరి దగ్గరా ఏదీ అడుక్కోలేదు. కానీ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నా దుకాణం మెట్టెక్కి "పోయొచ్చిన" అని చెబితే బాగుండునని మనసులో ఉండేది. బయటికి అనలేదు. అంటే బావ నవ్వుతాడు. నవ్వకపోయినా, ఒకరిద్దరిని నా దగ్గరికి తోలుతాడు. అది ఇంకా పరువు తక్కువ.

బావను తీసుకుపోయే రోజు బజారు వాళ్లు షట్టర్లు దించారు. అది మర్యాద, నేను పోయినా దించుతారు. కానీ ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి అక్క వాళ్ల గేటు బయట నిలబడ్డారు. లోపలికి రావాలో వద్దో తెలియక, చెప్పులు విప్పాలో వద్దో తెలియక నిలబడ్డారు. పాడె మోస్తూ కూడా నేను వాళ్లనే చూశాను. నా చావుకు వీళ్లలో ఎవరూ రారు అనుకున్నాను.

దినం అయిన మరునాడు అక్క ఆయన దుకాణం తాళంచెవి నా ముందు పెట్టింది.

"సీజన్ నడుస్తుంది. సరుకు అట్లనే ఉంది. నువ్వు పోయి కూసో."

"రెండు దుకాణాలల్ల ఎట్ల కూసుంటనే?"

"నీది జర మూసుకో."

ఇంకెవరన్నా ఆ మాట అంటే ఊరుకునేవాణ్ణి కాదు. తాళంచెవి తీసుకుంటూ అడిగాను. "బావకు గూడ నా మీద కుళ్లు ఉండె గదా?"

అక్క నా మొఖం చూసింది. బావ పోయాక మొదటిసారి నవ్వింది. "నీ మీదనా? ఆయనకు కుళ్లేంది రా. నీకు ఆయన మీద కుళ్లున్న సంగతే ఆయనకు తెల్వది. నువ్వు చాయ్ వాపస్ పంపితే, వీనికి షుగర్ వచ్చినట్టుంది, చెప్తలేడు అని ఫికర్ చేసిండు."

ఇన్నేళ్లు నేను ఒక్కణ్ణే కొట్లాడానన్నమాట. ఓర్వలేకపోవడానికి కూడా ఆయన లెక్కలో నేను లేను.

బావ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాను. అవతల నా దుకాణం మూసి ఉంది కాబట్టి గోడ నుంచి ఏ చప్పుడూ లేదు. పిల్లలు వచ్చేవాళ్లు. "గిన్నె లేదా అంకుల్?" అనేవాళ్లు. లేదు, కొంటె కొను అనేవాణ్ణి. కొనేవాళ్లు, పోయేవాళ్లు. సంచీ ఇచ్చేటప్పుడు ఆయన మాట నా నాలుక దాకా వచ్చేది కాదు. అది ఆయన మాట.

ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక దవాఖానాలో నర్సునని తర్వాత చెప్పింది. డ్యూటీ దిగి అట్లాగే వచ్చినట్టుంది. ముక్కు మీద చర్మం లేచి ఉంది. చేతిలో ఫోన్ సిద్ధంగా పట్టుకుంది.

"తాత లేడా అంకుల్?"

ఆయన తాత, నేను అంకుల్. సరే.

"పోయిండమ్మా," అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికి పోతరు? చచ్చిపోయిండు. పోయిన నెల."

మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టుకుంది. కాసేపు మెడగొట్టాల దిక్కు చూసింది. తర్వాత ఫోన్ సంచీలో వేసుకుని జిప్పు లాగింది.

"వస్త అంకుల్," అని లేచింది.

చచ్చినా ఆయనకే. చూపించేది ఏదైనా ఆయనకే, ఆయన లేకపోతే జిప్పు వేసి తీసుకుపోవడమే. నాకు ఛాతీలో ఆ పాత మంటే లేచింది. ఆ అమ్మాయి మెట్టు దిగింది. పోయే గిరాకీని నేను జన్మలో వెనక్కి పిలవలేదు. ధర తగ్గిస్తానని కూడా పిలవలేదు.

"అమ్మా," అన్నాను. "నాకు చూపియ్యి."

ఆమె తిరిగి చూసింది. "మీకా?"

ఆ ఒక్క మాట గుచ్చుకుంది. అయినా నిలబడ్డాను. "ఔ, నాకే. ఎట్లుండె, చెప్పు. పడ్డవా?"

"మస్తు పడ్డ అంకుల్," అంది. మెల్లగా మెట్టు ఎక్కి వచ్చింది. "నిలబడ్డది తక్కువ, పడ్డది ఎక్కువ. మాకు నేర్పించేటాయన నన్ను చూసి నవ్వు ఆపుకోలేక అటు తిరిగి నవ్విండు."

స్టూలు జరిపాను. ఆమె కూర్చుని ఫోన్ తీసి నా చేతికిచ్చింది. అందులో ఔలీ ఉంది. నేల ఎక్కడిదాకానో, ఆకాశం ఎక్కడి నుంచో తెలియనంత తెలుపు. ఆ తెలుపులో చిన్న మనిషి జారుకుంటూ వస్తోంది. వంకరగా వచ్చింది, పలకలు ఒకదానికొకటి తగిలాయి, బోర్లా పడింది. ముందుగా చేతులే పెట్టింది. ఎవరో నవ్వుతున్నారు. ఆమె మోకాళ్ల మీద లేచి, పళ్లతో పైగ్లౌజులు లాగేసి, లోపలి పలుచటి గ్లౌజులతో రెండు అరచేతులూ ఫోన్ వైపు చాపింది.

"తాతా, సూడు," అంటోంది అందులో. "సూడు తాతా, తడవలే."

అది నాకు చెప్పిన మాట కాదు. నాకు తెలుసు. "ఇంకొకసారి పెట్టమ్మా," అన్నాను. పెట్టింది. ఈసారి చివరిదాకా చూశాను. ఆ మాట అయిపోయాక కూడా ఆమె చేతులు దించలేదు. ఆ తెల్లటి కొండ ముందు మోకాళ్ల మీద అట్లాగే ఉంది, రెండు పొడి అరచేతులు చాపి, ఎవరో చూసి సరే అనేదాకా.